మరమ్మతు తర్వాత పట్టిన నీరు

ప్రశ్న: జిల్లాలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కర్మాగారంలో ప్రజా సంబంధాల అధికారిణిగా పనిచేస్తున్నాను. గత నెల ఒక రాత్రి శుద్ధి కేంద్రంలో పంపు చెడిపోయి, సుమారు రెండు గంటలపాటు శుద్ధి కాని నీరు పక్కనున్న గెడ్డలోకి (వాగులోకి) పోయింది. తెల్లవారాక ఊరివాళ్లు గేటు దగ్గరికి వచ్చి వాసన గురించి అడిగారు. పంపు బాగుచేశాక పట్టిన నీటిని పరీక్షించి, 'మా కర్మాగారం నుంచి వెలువడే నీరు కాలుష్య నియంత్రణ మండలి పరిమితులకు లోబడే ఉంది' అని ప్రకటన రాయమని పైఅధికారులు చెప్పారు, రాశాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. నేను చేసింది తప్పేనా? ఇప్పుడేం చేయాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: తప్పేనమ్మా. ఊరివాళ్లు అడిగింది ఆ రాత్రి పోయిన నీటి గురించి. మీరు చెప్పింది మరునాడు పట్టిన నీటి గురించి. చదివినవారు ఈ రెండూ ఒకటే అనుకోవాలన్న ఉద్దేశంతోనే ఆ వాక్యాన్ని కూర్చారు కనుక, మాటలు విడివిడిగా నిజమైనా ప్రకటన నిజం కాదు. దాన్ని నమ్మి ఆ మధ్యాహ్నమే ఎవరో ఒక రైతు గేదెలను గెడ్డలోకి దింపి ఉండవచ్చు. విన్నవారు నమ్మి ఏం చేస్తారో దాన్నిబట్టే ప్రకటనలోని నిజాయితీని తూచాలని నా అభిప్రాయం.

చట్టం కూడా ఇదే కోరుతోంది. ప్రమాదవశాత్తూ కలుషిత పదార్థం వాగులోకో బావిలోకో చేరితే, ఆ స్థలానికి బాధ్యులైనవారు వెంటనే మండలికి తెలియజేయాలని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చి, ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాలు వాటివల్ల కలిగే ముప్పును కార్మికులకే కాక చుట్టుపక్కల ప్రజలకూ తెలపాలన్నారు. అయినా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్లలోకి చేరినప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్న ఆ ఊరిని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

సంస్థ అన్నీ బయటపెట్టాలని నేననను. తయారీ రహస్యాలు, ఉద్యోగుల వైద్య వివరాలు గోప్యంగా ఉంచవచ్చు. పంపు ఎందుకు చెడిందో, తప్పు ఎవరిదో విచారణ ముగిసేదాకా చెప్పకపోయినా ఫరవాలేదు. ఏ వేళ నుంచి ఏ వేళ వరకు నీరు పోయింది, అందులో ఏమేం ఉండవచ్చు, పశువులను ఎన్నాళ్లు దింపకూడదు అన్నవి మాత్రం ఆగే సంగతులు కావు. 'తగిన చర్యలు తీసుకోబడుతున్నాయి' అన్న వాక్యం మన కార్యాలయాలకు అలవాటైపోయింది. ఎవరు, ఏ చర్య, ఎప్పటిలోగా అన్న మూడింటినీ అది మింగేస్తుంది. మీరు దాన్ని రాయకండి.

ఇప్పుడు కావలసింది రెండో ప్రకటన. ముసాయిదా మీరే రాయండి: 'ఫలానా రాత్రి సుమారు రెండు గంటలు శుద్ధి కాని నీరు మా కర్మాగారం నుంచి గెడ్డలోకి పోయింది. మరునాడు మేము ప్రకటించిన ఫలితం పంపు బాగుచేశాక పట్టిన నీటిది. గెడ్డ నీటిని, అడుగు మట్టిని బయటి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయతీ కార్యాలయంలో అంటిస్తాం.' దీన్ని పైఅధికారికీ, భద్రతాధికారికీ, న్యాయ విభాగానికీ ఈమెయిల్‌లో పంపండి. నోటిమాటగా చెబితే రేపు చెప్పనేలేదంటారు. మీ సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనదైతే, 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఉద్యోగులు అక్రమాలను నిర్భయంగా తెలియజేసే ఏర్పాటు ఉండి తీరాలి. తగిన సందర్భాల్లో ఆడిట్ కమిటీ అధ్యక్షులను నేరుగా సంప్రదించే వీలూ అందులో ఉంటుంది. ఇదంతా చేసినా ఉద్యోగంలో ఇబ్బంది రాదని నేను హామీ ఇవ్వలేను.

అనుమతి వచ్చాక ఆ ప్రకటనను ఇంగ్లీషులో వెబ్‌సైటులో పెట్టి ఊరుకోవద్దు. తెలుగులో పంచాయతీ మైకులో చదివించండి. ఆ ఉదయం గేటు దగ్గరికి వచ్చినవారిని పిలిపించి, మొదట వారికి మీ నోటితోనే చెప్పండి.