లాండ్రీ బుట్టలో దాచిన నవల

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్లు. పోయినేడు లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. పగలు అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక జానెట్ ఇవనోవిచ్ రాసిన స్టెఫనీ ప్లమ్ నవలలు లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదువుతున్నాను. ‘ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అవ్వకుండా ఈ చెత్తేంటి?’ అని మావారు అత్తయ్య గారి ముందే అన్నారు. తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి పుస్తకాన్ని లాండ్రీ బుట్టలో బట్టల కింద దాచి, ఎవరూ లేనప్పుడు చదువుతున్నాను. నాది తప్పా?

జవాబు: చదవడంలో ఏ తప్పూ లేదు. సొంత ఇంట్లో పుస్తకం దాచుకోవాల్సి రావడమే నన్ను బాధపెట్టింది.

ఆ నవలలే మీ చేతికి ఎందుకొచ్చాయో మీరు రాయలేదు గానీ, నాకు అర్థమైంది. 1994లో వచ్చిన మొదటి కథే చూడండి. మీకు దగ్గర్లోని ట్రెంటన్‌లో, ముప్పై ఏళ్ల స్టెఫనీకి ఉద్యోగం పోతుంది. కారు అప్పులవాళ్ల పాలవుతుంది. ఇంట్లో సామాను ఒక్కొక్కటే అమ్ముకుంటుంది. చివరికి, బెయిలు మీద బయటికొచ్చి కోర్టుకు మొహం చాటేసిన వాళ్లను పట్టుకొచ్చే పనిలో చేరుతుంది. ఆ పని ఆమెకు బొత్తిగా రాదు. అడుగడుగునా తప్పులే. అయినా మర్నాడు మళ్లీ బయల్దేరుతుంది. ఇక వాళ్లమ్మ సాధింపులు, భోజనాల బల్ల దగ్గర తుపాకీ పేల్చి, వండిన కోడినే కాల్చేసే అమ్మమ్మ! హత్య చుట్టూ కథ నడుస్తున్నా, పిల్లకేమీ కాదులే అన్న ధైర్యంతో చదువుతాం. పుస్తకం ముగిసేసరికి ముడి విడిపోతుంది. ఏ కంపెనీ ఎప్పుడు పిలుస్తుందో తెలియని రోజుల్లో, ఒక్క ముడైనా కచ్చితంగా విడిపోవడం ఎంత ఊరటో నేను ఊహించగలను. నవ్వుకుని పడుకుంటే నిద్ర కూడా పడుతుంది.

మీవారి మాటలో నాకు భయం వినిపించింది. ఒక్క జీతం మీద ఇల్లు నడపడం ఆయనకూ టెన్షనే. అయినా వాళ్లమ్మ ముందు అలా అనకుండా ఉండాల్సింది. కారులో మీరిద్దరే ఉన్నప్పుడు సూటిగా చెప్పండి: ‘ఉద్యోగం కోసం నేను చేయాల్సింది చేస్తున్నాను. రాత్రి ఓ అరగంట ఇది చదివితే మనసు తేలికపడుతోంది. అత్తయ్య ముందు మీరన్న మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను.’ అంతవరకే చెప్పి, ఆయన చెప్పేది కూడా వినండి.

ఒకటి మాత్రం మీరే గమనించుకోండి. తెల్లవారుజాము దాకా చదువుతూ పగలు లేవలేకపోతున్నా, ఏ పని మీదా మనసు పోకపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

అత్తయ్య గారిని కూడా ఒకసారి కదిపి చూడండి. ఆ తరంలో వీక్లీ సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన ఆడవాళ్లు ఎందరో. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివినవాళ్లూ ఉన్నారు. మా అమ్మ వాటిని బియ్యం డబ్బా వెనక దాచేది, మా నానమ్మ కంటపడకుండా. మీ అత్తయ్య గారు ఎక్కడ దాచేవారో అడగండి. బట్టలు మడతపెడుతూ ఆ కోడి సంగతి ఆవిడకు చెప్పండి. పుస్తకాన్ని మాత్రం ఈ రాత్రే బుట్టలోంచి తీసి, మీ మంచం పక్కన పెట్టుకోండి.