వృద్ధాశ్రమంలో బీపీ, షుగర్ చూస్తామంటే.. ముందు ఇవి తెలుసుకోండి

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. మా కాలనీవాళ్లం ఆరుగురం ప్రతి ఆదివారం దగ్గర్లోని వృద్ధాశ్రమానికి వెళ్లి బీపీ, షుగర్ చూసి, పండ్లు, మందులు పంచాలనుకుంటున్నాం. మాలో ఒకరు నర్సుగా చేశారు. ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. మందులు మాత్రం పంచొద్దు. అక్కడి పెద్దవాళ్లలో చాలామంది ఇప్పటికే నాలుగైదు రకాల మాత్రలు వాడుతుంటారు. మోకాళ్ల నొప్పులకని మీరిచ్చే డైక్లోఫెనాక్ బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావమూ కావచ్చు. దానికి బదులు ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్ పెట్టి, స్ట్రిప్పులు చూసి మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ రాయండి. ఒకే మందును రెండు కంపెనీల పేర్లతో మింగేవాళ్లూ ఉంటారు. ఆ పుస్తకం వారిని చూసే డాక్టరుకు చూపించండి. మాత్ర ఆపాలా, మార్చాలా అన్నది డాక్టరే తేల్చాలి.

షుగర్ పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. వేలికి గుచ్చే పెన్ను అందరికీ ఒకటే వాడి, సూది మారిస్తే చాలనుకుంటారు. చాలదు. పెన్ను మూతికి కంటికి కనిపించనంత రక్తం అంటుకున్నా హెపటైటిస్-బి సోకుతుంది. అమెరికాలోని వృద్ధాశ్రమాల్లో ఇలా వ్యాపించిన సందర్భాలున్నాయి. పెన్ను అవసరం లేకుండా, ఒక్కసారి వాడి పారేసే లాన్సెట్లే (వేలికి గుచ్చే సూదులు) కొనండి. మనిషి మనిషికీ గ్లవ్స్ మార్చండి, మీటరు క్రిమిసంహారకంతో తుడవండి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనే వేయాలి. ఇంకో సంగతి, పండ్లు పరీక్ష అయ్యాకే ఇవ్వండి. అరటిపండు ఒలిచిన వేలిని కడగకుండా గుచ్చితే లేని షుగర్ చూపిస్తుంది. రీడింగ్ 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉండి మింగగలిగినవారికి మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

బీపీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక చూడండి. నిలబడగలిగితే లేచిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాయండి. రాత్రి బాత్రూముకని లేచి పడిపోయే ప్రమాదం వీళ్లకే ఎక్కువ.

పక్షవాతం వచ్చినవారికి, తింటుంటే దగ్గు వచ్చేవారికి సిబ్బందిని అడగకుండా ఏమీ తినిపించొద్దు. మంచానపడ్డవారికి నడుము కింద, మడమల దగ్గర చూడండి. ఎర్రబడిన చోట నొక్కి వదిలితే పాలిపోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్లే. అక్కడ మాలిష్ చేయొద్దు. సిబ్బందికి చెప్పి రెండు గంటలకోసారి పక్కకు తిప్పించండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే ‘వయసు’ అని వదిలేయకండి. జ్వరం లేకపోయినా మూత్రంలో, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

నన్నడిగితే బీపీ మిషను కంటే కళ్లద్దాలు తుడవడం, వినికిడి యంత్రం బ్యాటరీ మార్చడం, పక్కన కూర్చుని చెప్పేది వినడం ఎక్కువ పనికొస్తాయి. మీలో ప్రతి ఒక్కరూ ఎప్పుడూ అదే నలుగురైదుగురిని చూడండి, మార్పు త్వరగా పసిగడతారు. అడగకుండా ఫొటోలు తీయొద్దు. మీకు జలుబు, దగ్గు ఉన్న వారం ఇంట్లోనే ఉండండి. ఎవరినైనా సరిగ్గా చూడటం లేదని అనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చెప్పొచ్చు.