బుజ్జమ్మా, ముందు వైల్డ్ టైప్ పెట్టు

కావలి

బుజ్జమ్మా,

ల్యాబ్‌లో చేరీ చేరగానే నీ చేతికి హెచ్‌ఐవీ ఎంజైములు ఇచ్చారని మీ అమ్మ ఒకటే కంగారు. నేను చెప్పాను, నువ్వూ చెప్పు: ఆ ట్యూబులో వైరస్ ఉండదు. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఒక జీన్ పెట్టి తీసిన ప్రోటీన్ అది. దాంతో ఎవరికీ హెచ్‌ఐవీ రాదు.

టెన్షన్ పడాల్సింది వేరే చోట.

కొత్తలో నాకు ఎం184వీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఇచ్చారు, అంటే హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకునే ఎంజైము. 184వ స్థానంలో మెథియోనిన్ పోయి వాలీన్ వచ్చిన రకం, లామివుడిన్ అనే హెచ్‌ఐవీ మందుకు లొంగదు. లామివుడిన్ పొడి కరిగించి వేశాను. ఎంజైము ఆగలేదు. పెంచాను, ఆగలేదు. రెసిస్టెన్స్ భలే వచ్చిందని గ్రాఫ్ గీసి మా సీనియర్‌కు చూపించాను. "వైల్డ్ టైప్ ఏదమ్మా?" అన్నారాయన, అంటే ఏ మార్పూ లేని మామూలు ఎంజైము. పెట్టలేదు. మర్నాడు పెడితే, మామూలు ఎంజైమూ ఆగలేదు! లామివుడిన్‌కు మన కణాల్లో మూడు ఫాస్ఫేట్లు తగులుకుంటేనే అది పనిచేస్తుంది. ట్యూబులో కణాలెక్కడివి? ట్రైఫాస్ఫేట్ రూపంలో ఉన్నదే తెప్పించి వేయాలి. రెండు వారాల పని నీళ్లపాలైంది. అందుకే ప్రతి ప్లేట్‌లోనూ మ్యూటెంట్ (మారిన రకం) పక్కన వైల్డ్ టైప్ ఉండాల్సిందే.

నెవిరపిన్, ఎఫవిరెంజ్‌లకు ఈ బాధ లేదు, నేరుగా ఎంజైముకే అతుక్కుంటాయి. వాటికి కె103ఎన్ వాడతావు. 103వ లైసీన్ ఒక్కటి ఆస్పరాజిన్‌గా మారితే చాలు, రెండు మందులూ దెబ్బతింటాయి. మన దేశంలో 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టాక చాలా ఏళ్లు ఎక్కువమందికి ఇచ్చింది నెవిరపిన్ కలిపిన మాత్రలే. ఆ రోజుల్లో ఒంగోలు నుంచి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నామె మాత్రల డబ్బా మీది కాగితాన్ని గోటితో గీకుతూనే ఉంది, సింగరాయకొండ దాకా. ఊళ్లో ఎవరూ చదవకూడదని. అంత దాచుకుని మింగే మాత్ర ఎందుకు పనిచేయకుండా పోతుందో తెలుసుకోవడానికే నీ ట్యూబులు. తప్పు లెక్క రాయొద్దు తల్లీ.

ఎంజైము వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టు. కరిగించిన దాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు, చచ్చిపోతుంది. ఐస్ మీదే ఉంచు. మూత మీద ఒక్కటే రాస్తే మంచుకు చెరిగిపోతుంది, పక్కన కూడా రాయి: ఏ మ్యుటేషన్, ఏ తేదీ. మందు వేయకముందు ఆ రోజు ఎంజైము ఎంత చురుగ్గా ఉందో చూడు. నీరసపడ్డ ఎంజైముతో వచ్చిన అంకెలను నమ్మలేం.

మొదటి వైల్డ్ టైప్ గ్రాఫ్ రాగానే నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ