బురద పుట్టేది తొట్టెల మధ్యనే

ప్రశ్న: ఇత్తడి కుళాయిలకు నికెల్, క్రోమ్ ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్ మాది. ఈటీపీలో (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటులో) మిగిలే బురదను వదిలించుకోవడానికి ఏటా ఖర్చు పెరుగుతోంది. ఇంకా పెద్ద ఈటీపీ పెట్టుకుంటే బురద తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: తగ్గదండి. నీటిలో కరిగిన లోహాన్ని సున్నంతోనో కాస్టిక్ సోడాతోనో బురదగా అడుగుకు దించడం తప్ప, ఆ లోహాన్ని మాయం చేయడం ఏ ఈటీపీకీ చేతకాదు. మీరు డబ్బు పోసి కొన్న నికెల్ ఉప్పే కుళాయిలను, వాటిని తగిలించే ర్యాకును అంటుకుని కడుగు నీటిలోకి వెళ్లి, చివరకు మళ్లీ డబ్బు కట్టి పంపవలసిన ప్రమాదకర వ్యర్థంగా మారుతోంది. అందుచేత ముందు చూడవలసింది ర్యాకు తొట్టె దాటే ఆ కొద్ది క్షణాలను.

కుళాయి లోపలి బోలు భాగం పైకి ఉండేలా తగిలిస్తే ద్రావణం అందులో నిలిచిపోతుంది. నోరు కిందికి ఉండేలా, కాస్త వాలుగా తగిలించండి. ర్యాకును మెల్లగా పైకి తీసి, పది సెకన్లయినా తొట్టె మీదనే ఆపి కారనివ్వండి. అంతకన్నా చాలాసేపు ఆపితే నికెల్ ఆరిపోయి దానిపై క్రోమ్ సరిగా పట్టదు, కాబట్టి ఆ వ్యవధిని మీ పనివారే చేసి చూసి నిర్ణయించుకోవాలి.

తరువాత నీరు పారని డ్రాగవుట్ తొట్టె, అంటే ర్యాకుతో అంటుకొచ్చిన ద్రావణాన్ని పట్టి ఉంచే తొట్టె ఒకటి పెట్టండి. నికెల్ ద్రావణం 55–60 డిగ్రీల వేడిలో ఆవిరవుతూ తగ్గిపోతుంది కనుక, ఆ లోటును ఈ తొట్టె నీటితోనే పూడ్చవచ్చు. నీటితోపాటు మలినాలు కూడా తిరిగివస్తాయి కాబట్టి ఇందులో డీఎం నీరే (లవణాలు తీసేసిన నీరే) వాడాలి, ద్రావణాన్ని తరచుగా కార్బన్ ఫిల్టర్ చేయాలి.

ఆ తరువాతి కడుగుడుకు, కుళాయిలు కదిలే దిశకు ఎదురుగా నీరు పారే రెండు తొట్టెలు మేలు. అంటుకొచ్చిన ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలచన చేయడానికి లీటరుకు ఒక్క తొట్టెలో దాదాపు 1,000 లీటర్ల నీరు కావాలి. ఇలాంటి రెండు తొట్టెలలో సుమారు 32 లీటర్లు చాలు. దీనివల్ల తగ్గేది నీరే; బురదను తగ్గించేది మాత్రం పైన చెప్పిన కారనివ్వడం, తిరిగి పోయడం.

క్రోమ్ విషయంలో, అలంకరణ పూతకు క్యాన్సర్ కారకమైన హెక్సావలెంట్ క్రోమియం బదులు, క్రోమియానికే మరో రూపమైన ట్రైవలెంట్ ద్రావణం వాడవచ్చు. రంగు కొద్దిగా మారుతుంది, ఇత్తడిలోని రాగి, జింకు కలిస్తే పూత చెడుతుంది. అయినా మీ పనివారి ఊపిరితిత్తుల కోసం ఆ మార్పు చేయాలనే నా అభిప్రాయం.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు సైతం వ్యర్థం పుట్టకుండా చూడటాన్నే మొదటి మెట్టుగా, పారవేయడాన్ని చివరి మెట్టుగా పెట్టాయి.