పాత డీజిల్ లారీని ఇల్లుగా మార్చుకుంటాం, మా పొదుపు సరిపోతుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు, మా ఆవిడకు 41. రెండేళ్ళు ఉద్యోగాలు పక్కన పెట్టి, 30 ఏళ్ళ నాటి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) డీజిల్ లారీ కొని, వెనక చిన్న ఇల్లు కట్టుకుని, రోడ్డు లేని చోట్లకు కూడా వెళ్ళి ఉండాలని మా కోరిక. పొదుపును మూడు సమాన భాగాలు చేశాం. ఒకటి లారీకి, ఒకటి ఇంటి పనికి, ఒకటి ప్రయాణానికి. తక్కువపడితే పర్సనల్ లోన్ తీసుకుంటాం, లేదా రిటైర్మెంట్ కోసం దాచినదాంట్లోంచి కొంత తీస్తాం. అద్దె మిగులుతుంది, చివర్లో లారీ అమ్మితే పెట్టింది తిరిగి వస్తుంది అనుకుంటున్నాం. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మీరు కట్టబోయేది కదిలే ఇల్లు, అదీ ముప్పై ఏళ్ళు పనిచేసిన ఇంజిన్ మీద. కోరిక మంచిదే, మానుకోమని నేను చెప్పను. కానీ మీ లెక్కలో ఒక భాగం అసలు లేదు. రెండేళ్ళ తర్వాత లారీ దిగి మళ్ళీ ఇల్లు చూసుకుని, ఉద్యోగం దొరికేదాకా నడిపించే డబ్బు ఏది? ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. మీ ఇద్దరి ఏడాది ఖర్చు, అద్దె ఇంటి అడ్వాన్సు, ఆరోగ్య బీమా ప్రీమియం అందులోకి రావాలి. మిగిలినదే లారీ డబ్బు. అది చిన్నదిగా కనిపిస్తే చిన్న లారీ చూడండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

రిటైర్మెంట్ డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్ళలో రెట్టింపు అవుతుందో సుమారుగా తెలుస్తుంది. ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్ళు. అంటే ఈరోజు తీసే ప్రతి వందా, మీకు 61 వచ్చేసరికి నాలుగు వందలు అయ్యేది. పర్సనల్ లోన్ సంగతి కూడా అంతే. ఇంత పాత బండికి వాహన రుణం దొరకడం కష్టం కాబట్టి ఎక్కువ వడ్డీ రుణం వైపే వెళ్ళాల్సి వస్తుంది. 14 శాతం వడ్డీకి ఐదేళ్ళ వాయిదాలతో వంద తీసుకుంటే తిరిగి కట్టేది దాదాపు నూట నలభై. జీతం లేని రెండేళ్ళలో ఆ వాయిదా ఎలా కడతారు? దారిలో అదొక్కటే చాలు, టెన్షన్‌కి.

ఇక లారీ. పాతది ఎంచుకోవడంలో మీ ఆలోచన తప్పు కాదు. మెర్సిడెస్ ఓఎం 352 లాంటి ఆరు సిలిండర్ల ఇంజిన్లలో డీజిల్‌ను మెకానికల్ పంపు పంపుతుంది, కంప్యూటర్ ఉండదు. ఇంజిన్ చప్పుడు విని తప్పు పట్టుకోగల మెకానిక్ ఉంటే చాలు, బండి మళ్ళీ కదులుతుంది. యూరో 6 అనే కాలుష్య ప్రమాణానికి తయారైన కొత్త ఇంజిన్లకు సల్ఫర్ బాగా తక్కువున్న డీజిల్, పొగను శుద్ధి చేయడానికి వేరే ద్రవం కావాలి. అవి దొరకని చోట కొత్త బండితో ఇబ్బందే. దీనికి మరో వైపు కూడా ఉంది. పాత డీజిల్ బండ్లను కొన్ని నగరాల్లోకి రానివ్వరు. ఆ బరువుకు మీ లైసెన్సు సరిపోతుందా, సరుకు లారీని నివాస వాహనంగా రిజిస్టర్ చేస్తారా, ఆ మార్పుతో బీమా ఇస్తారా అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద తేల్చుకోండి. దేశాలు దాటే ఆలోచన ఉంటే కొన్ని చోట్ల వాహనానికి కార్నే అనే కస్టమ్స్ పత్రం అడుగుతారు. దానికి హామీగా పెట్టే డబ్బు బండి తిరిగి వచ్చేదాకా చేతికి రాదు. ప్రయాణం డబ్బులో దాన్ని కలపకండి.

చూడటానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే ఇంకో రోజు రండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, అక్కడినుంచి పొగ బలంగా తన్నుకొస్తే పిస్టన్ల రిపేరు దగ్గర పడింది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 1416 అని ఉంటే 2016లో 14వ వారం తయారైనది. పైన గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ళు దాటిన టైరును నమ్మకండి. నాలుగు చక్రాలు, ఒక స్టెప్నీ కొత్తవి వేయాల్సి వస్తే ఆ ధర బేరంలోకి రావాలి. లారీ ధర వంద అనుకుంటే, బ్రేకులు, క్లచ్, డీజిల్ చిమ్మే నాజిళ్ళు, రబ్బరు సీళ్ళు, టైర్ల కోసం మరో యాభై నుంచి వంద దాకా నేను పక్కన పెట్టమంటాను. ఇది మీ మూడు భాగాల లెక్కలో ఎక్కడా లేదు.

ఇక్కడ మీకు ఒక నోటు పుస్తకం గురించి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి బండే కట్టుకున్న భార్యాభర్తలు నా దగ్గరికి వచ్చారు. ఖర్చు మొత్తం పైసాతో సహా రాసుకున్నారు, అంత శ్రద్ధగా రాసినవాళ్ళను నేను చాలా అరుదుగా చూశాను. చివరి పేజీకి వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) చీటీ పిన్ చేసి ఉంది. వెనక యాక్సిల్ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, పరిమితి దాటిపోయింది. చోటు కలిసొస్తుందని 300 లీటర్ల నీళ్ళ ట్యాంకును వెనక యాక్సిల్‌కు మీటరు అవతల పెట్టారు. లీటరు నీళ్ళు కిలో కదా, 300 కిలోలే అనుకున్నారు. చక్రాల మధ్య దూరం నాలుగు మీటర్లున్న బండిలో ఆ ట్యాంకు వెనక యాక్సిల్ మీద వేసే బరువు 375 కిలోలు. ముందు వైపు 75 కిలోలు తేలిపోతుంది. ట్యాంకు, దానికి ఆనించి కట్టిన వంటగట్టు, కింది పైపులు అన్నీ విప్పి మళ్ళీ కట్టారు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టినట్టయింది.

అప్పటినుంచి ఇలాంటి ప్లాన్‌తో వచ్చిన ప్రతివాళ్ళకూ నేను చెప్పేది ఒకటే. పుస్తకంలో ధర పక్కన బరువు కూడా రాయండి. ఖాళీ ఛాసిస్‌ను ముందు కాటా వేయించండి. అనుమతించిన మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే మీ రెండో బడ్జెట్ వస్తుంది. దాన్ని దాటితే కమాన్లు, టైర్లు, బ్రేకులు, డీజిల్, చివరికి బీమా క్లెయిమ్ కూడా దెబ్బతింటాయి. కొన్ని చోట్ల ఈ రెండో కాలమ్ చూస్తేనే ఖరీదైన వస్తువు చవకగా తేలుతుంది. 12 వోల్టుల దగ్గర 100 ఆంపియర్ అవర్ల (బ్యాటరీ నిల్వకు కొలత) వాడకం కావాలంటే లెడ్ యాసిడ్ బ్యాటరీలు అందుకు రెట్టింపు పెట్టాలి, సగానికి మించి వాడితే త్వరగా పోతాయి కాబట్టి. అవి దాదాపు 60 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే పన్నెండు పదమూడు కిలోలు. సున్నా డిగ్రీల కింద మాత్రం దాన్ని చార్జ్ చేయకూడదు, చలి ప్రాంతాలకు వెళ్తే లోపల పెట్టండి. పెద్ద లారీల్లో సాధారణంగా కరెంటు 24 వోల్టులు, సామాను ఆ వోల్టేజికే కొంటే కన్వర్టర్ల ఖర్చు తప్పుతుంది.

ఒక చోట మాత్రం పిసినారితనం వద్దు. ఎగుడుదిగుడు నేల మీద లారీ ఛాసిస్ మెలికపడుతుంది, దాన్ని అలాగే తయారుచేశారు. ఇంటి పెట్టెను నేరుగా బోల్టులతో బిగిస్తే ఆ మెలిక గోడలకు వస్తుంది. తలుపు పట్టేస్తుంది, మూలలు పగులుతాయి, నీళ్ళు దిగుతాయి. మధ్యలో మూడు చోట్ల ఆనుకుని కదిలే ఫ్రేమ్‌ గానీ స్ప్రింగుల ఫ్రేమ్‌ గానీ వేయించండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఇక్కడ బేరమాడకండి.

పని వరస కూడా డబ్బును కాపాడుతుంది. ముందు మెకానికల్ పని పూర్తి చేసి, వెనక ఒక పరుపు, ఒక స్టవ్ పెట్టుకుని రెండు వేల కిలోమీటర్లు తిరగండి. లారీలో నిద్ర, ఆ చప్పుడు, ఆ వేగం మీ ఇద్దరికీ సరిపడతాయో లేదో అక్కడే తెలుస్తుంది. సరిపడకపోతే నడుస్తున్న లారీని అమ్మడం సులువు. సగం కట్టిన ఇంటిని కొనేవాళ్ళు అరుదు.

అద్దె మిగులుతుందన్న మాట కొంతవరకే నిజం. సామానుతో నిండిన ఇలాంటి లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే అదే మంచిదనుకోవాలి. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగితే 5,000 లీటర్లు. మీరు తిరిగే చోటి ధరతో గుణించి, పన్నెండుతో భాగించి, ఇప్పటి అద్దె పక్కన పెట్టి చూడండి. తేడా భయపెడితే 8,000 కిలోమీటర్లకు లెక్కేసుకోండి, 2,000 లీటర్లే అవుతుంది. ఒక్కో చోట పది రోజులు ఆగడం కన్నా ఎక్కువ ఆదా చేసే పరికరం ఏదీ నాకు కనిపించలేదు.

అమ్మకం విలువ దగ్గర ప్లాన్‌లో సున్నా రాసుకోండి. మంచి స్థితిలో ఉన్న పాత ఛాసిస్‌కు ధర పలుకుతుంది, అది నిజమే. కానీ మీ ఎత్తుకు, మీ అలవాట్లకు కట్టిన మంచానికి, మీరు పెట్టిన వందల గంటల పనికి కొనేవాళ్ళు డబ్బు ఇవ్వరు. వచ్చింది ఎంతైనా, లారీ దిగాక బతకడానికి మొదట పక్కన పెట్టమన్న డబ్బులో కలపండి. ఆ పక్కన పెట్టిన డబ్బును లారీ ఖర్చులున్న ఖాతాలో ఉంచకండి. వేరే ఖాతాలో వేసి, ఇద్దరూ సంతకం పెడితేనే తీయగలిగేలా బ్యాంకుకు రాసివ్వండి. మధ్యదారిలో గేర్‌బాక్స్ పోయిన రోజున మీ ఇద్దరిలో ఒకరికి ఆ డబ్బే గుర్తొస్తుంది.