'ఈ అంచే డేటమ్ ఎందుకు?' అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కావలి. మెకానికల్ డిప్లొమా ఈ ఏడాదే పూర్తయింది, డ్రాయింగ్‌లు గీసే సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకున్నాను. చెన్నై దగ్గర ఒక కంపెనీ ఇంటర్వ్యూలో చదరపు మోటార్ ఫ్లాంజ్ (మోటార్‌ను బోల్టులతో బిగించే పలక) డ్రాయింగ్ ఇచ్చి, నాలుగు బోల్టు రంధ్రాలకు పొజిషన్ టాలరెన్స్, అంటే రంధ్రం తన చోటు నుంచి ఎంతవరకు జరగొచ్చో చెప్పే హద్దు, వేయమన్నారు. ఫ్లాంజ్ ముఖాన్ని 'ఏ', బయటి అంచులు రెండింటినీ 'బి', 'సి' డేటమ్‌లుగా, అంటే కొలతలకు ఆధారాలుగా, పెట్టాను. 'ఈ అంచే ఎందుకు?' అన్నారు. నోరు పెగల్లేదు. హైదరాబాద్ వెళ్లి ఇంకో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నారు నాన్న. అసలు డిజైన్ నాకు సరిపడదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: డిజైన్ వదలొద్దు, ఇంకో సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బూ కట్టొద్దు. సాలిడ్‌వర్క్స్‌లో డేటమ్ గుర్తును ఏ అంచు మీద పెట్టినా అతుక్కుంటుంది. అది సరైన అంచా కాదా అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు, మీరే తేల్చుకోవాలి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగిందీ అదే. నాన్నగారికి కూడా ఈ మాట చెప్పండి. మీకు తక్కువైంది ఆ ముక్క ఎక్కడ, దేనికి ఆనుకుని కూర్చుంటుందో చూసిన అనుభవం. దాన్ని కావలి చుట్టుపక్కలే సంపాదించుకోవచ్చు.

మీ వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి కదా. ఒకదాన్ని రిపేరుకు విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. ఫ్లాంజ్ ఉన్న మోటార్‌ను గేర్‌బాక్స్‌కు బిగించేటప్పుడు, మోటార్ ముఖం మధ్యలో కొద్దిగా పైకి ఉండే గుండ్రటి మెట్టు గేర్‌బాక్స్ బోరులోకి (గుండ్రటి రంధ్రంలోకి) దిగుతుంది. దాన్నే స్పిగాట్ అంటారు. ఆ తర్వాత రెండు ముఖాలూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. బోల్టులు ఎక్కించేది అప్పుడే. ఇంతసేపూ ఆ చదరపు అంచు దేన్నీ తాకదు. పైగా చాలాసార్లు అది పోత పోసిన అంచు, గరుకుగా ఉంటుంది, ముక్క ముక్కకూ కాస్త తేడా వస్తుంది. రంధ్రాలను అక్కడి నుంచి కొలిస్తే తనిఖీలో ముక్క పాసవుతుంది, బిగించేచోట బోల్టు మాత్రం దిగదు. చివరికి ఫిట్టర్ రౌండ్ ఫైలు పట్టుకుని రంధ్రాన్ని అరగదీస్తాడు.

కాబట్టి మీరు ముఖాన్ని 'ఏ' అనడం సరైనదే. తేడా వచ్చింది బి దగ్గర. ముఖం ఆనగానే ముక్క అటూ ఇటూ వాలడం, ముందుకూ వెనక్కూ జరగడం ఆగిపోతాయి. ప్రైమరీ (మొదటి) డేటమ్‌కు కనీసం మూడు చోట్ల ఆనాలని చెప్పేది ఇందుకే. స్పిగాట్‌ను బి చేస్తే పక్కలకు జరగడం కూడా ఆగిపోతుంది. ఇక మిగిలింది చుట్టూ తిరగడం ఒక్కటే. నాలుగు బోల్టులు తప్ప ఇంకేమీ లేకపోతే సి అక్కర్లేదు, నాలుగు రంధ్రాలూ ఒకదానికొకటి సరిగ్గా ఉంటే చాలు. టెర్మినల్ బాక్స్ ఫలానా వైపే రావాలి, లేదా ముక్కను ఒకే స్థానంలో కూర్చోబెట్టే డోవెల్ పిన్ ఉంది అంటే అప్పుడు సి కావాలి. ఏ, బి, సి మూడూ ఉండి తీరాలన్న అలవాటు కాలేజీలో పడుతుంది. అవసరం లేని డేటమ్ పెడితే ముక్కను పట్టి ఉంచే ఫిక్స్చర్ ఖర్చు, కొలిచే సమయం ఊరికే పెరుగుతాయి.

ఇంకో మెలిక ఉంది, ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగేది. అదే స్పిగాట్ నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు కాకుండా, చిన్న కాలరుతో అరవై మిల్లీమీటర్ల బుష్ అయితే? అప్పుడు వాలు తేల్చేది ముఖం కాదు, ఆ పొడవైన గుండ్రటి భాగమే. దాని యాక్సిస్ (నడిమి అక్షం) 'ఏ' అవుతుంది, ముఖం 'బి' అవుతుంది. ఏది ముందో ఏది వెనకో బిగింపులో తేలుతుంది, అక్షరాల వరుసలో కాదు. అయితే యాక్సిస్‌ను డేటమ్ చేసినా, గుర్తును సెంటర్ లైన్ మీద పెట్టే పాత అలవాటుంటే ఈ రోజే మానేయండి. చేత్తో తాకగలిగే ముఖానికో, బోరు కొలత గీతకో పెట్టాలి.

టాలరెన్స్ అంకె కూడా ఊహించి రాయకూడదు. ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టు, రంధ్రం కనిష్ఠంగా 10.5 మిల్లీమీటర్లు అనుకోండి. రెండు ముక్కల్లోనూ వదులు రంధ్రాలే ఉంటే ఒక్కోదానికి 0.5 ఇవ్వొచ్చు. ఒక వైపు, ఉదాహరణకు గేర్‌బాక్స్‌లో, ట్యాప్ కొట్టిన (లోపల మర ఉన్న) రంధ్రం ఉంటే ఆ 0.5నే రెండు వైపులకూ పంచాలి, సమంగా పంచితే చెరో 0.25. ఈ లెక్క నోటికి వచ్చేదాకా చేయండి.

ఇక ఉద్యోగం సంగతి. మీ స్థానంలో నా తమ్ముడుంటే మొదటి ఏడాది డిజైన్ డెస్క్ కోసం పట్టుబట్టనివ్వను, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో చేరమంటాను. సర్ఫేస్ ప్లేట్ (చదునైన కొలత బల్ల) మీద, సీఎంఎం (కొలతల యంత్రం) మీద ముక్కను పెట్టి కొలిచే మనిషికి ఏ డ్రాయింగ్‌లో డేటమ్ తప్పుగా పెట్టారో ఇట్టే తెలుస్తుంది. డిప్లొమా వాళ్లకు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకం కింద స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్ శిక్షణ ఉంది, పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. కావలి నుంచి రైలెక్కితే చెన్నై దగ్గరే. ఇసుజు, కోబెల్కో లాంటి కంపెనీలున్న శ్రీసిటీ ఇంకా ముందే వస్తుంది. కోర్సే చేయాలనుకుంటే హైదరాబాద్‌లోని సీఐటీడీ వంటి టూల్ డిజైన్ సంస్థల్లో మెషిన్ల మధ్య నేర్పేదాన్ని ఎంచుకోండి.

ఈలోగా నెల్లూరు ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల లేత్ షాపు ఉంటే వారానికి ఒక పూట వెళ్లి కూర్చోండి. విప్పిన ప్రతి ముక్కనూ చేత్తో గీసి, ఏ ముఖం దేనికి ఆనింది, ఏ బోరులో ఏది దిగింది అని పక్కనే రాసుకోండి. డేటమ్‌లు ఆ తర్వాతే పెట్టండి. డేటమ్‌ల నియమాలు చెప్పే ఏఎస్ఎంఈ వై14.5, ఐఎస్ఓ 5459 ప్రమాణాలు రెండింటి గురించీ చదవండి. ఏది పాటించాలో డ్రాయింగ్‌లోని టైటిల్ బ్లాక్‌లో (వివరాల గడిలో) ఉంటుంది, ముందు అక్కడ చూడండి. ఈసారి ఇంటర్వ్యూలో డ్రాయింగ్ చేతికిస్తే వెంటనే పెన్ను పెట్టకుండా, 'ఇది దేనికి బిగిస్తారండీ?' అని అడగండి. వాళ్లిచ్చే జవాబులోనే మీ ఏ, బి దొరుకుతాయి.