రాజు బిల్లు మీద రోజా బిల్లు

ప్రశ్న: మేడమ్, బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మెయిల్లో వచ్చే బిల్లుల్ని విండోస్ సిస్టమ్‌లో సేవ్ చేయడానికి పైథాన్‌లో ప్రోగ్రాం రాసుకున్నాను. ఈమధ్య ‘అద్దె 12:03’ అనే పీడీఎఫ్ సున్నా కేబీ చూపించింది. ఎర్రర్ మాత్రం రాలేదు. దాంతో అక్షరాలు, అంకెలు కానివన్నీ అండర్‌స్కోర్ అయ్యేలా మార్చాను. ఇప్పుడు తెలుగు పేర్లు ముక్కలయ్యాయి, రెండు బిల్లులు కనబడటం లేదు. నెలాఖరు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, అద్దె బిల్లు ఎక్కడికీ పోలేదు. పేరు మధ్య కోలన్ వస్తే విండోస్ దాని ముందు భాగాన్నే ఫైలు పేరుగా తీసుకుంటుంది. తర్వాతి భాగం ఆ ఫైలుకు చాటుగా ఉండే ఒక అర. పైకి ‘అద్దె 12’ అనే ఖాళీ ఫైలు కనిపిస్తుంది, బిల్లంతా ఆ అరలో ఉంటుంది. కోలన్‌తో సహా పాత పేరే ప్రోగ్రాంకు ఇచ్చి చదివించి, వేరే పేరుతో రాయించండి. అందాకా ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి జరపకండి. చాలా పెన్‌డ్రైవ్‌లలో ఆ అరకు చోటుండదు.

రెండో సంగతి చదివి నా ప్రాణం ఉసూరుమంది, అదే పొరపాటు నేనూ చేశాను మరి. పైథాన్‌లో ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ (\w) అనే గుర్తు పెడితే అన్ని అక్షరాలూ వస్తాయనుకుంటాం. దాని లెక్కలో మన గుణింతపు గుర్తులూ, పొల్లూ అక్షరాలు కావు. ‘రాజు’లో దీర్ఘం, కొమ్ము ఎగిరిపోయి ‘ర_జ_’ మిగులుతుంది. ‘రోజా’ అని వచ్చినా అదే ‘ర_జ_’. ఒకటి రెండోదాని మీద పడి పాతది చెరిగిపోతుంది. ఇందిరానగర్‌లో నేను పనిచేసినప్పుడు ఒక పూలావిడ బిల్లు ఇలాగే పోయింది. ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసింది, మూడుసార్లూ ‘రాలేదమ్మా’ అన్నాం. ఆవిడ పంపిన మాట నిజం. కన్నడ పేర్లకూ ఇదే గతి, ఈ ఊళ్లో అవెన్ని వస్తాయో మీకు తెలుసు.

కాబట్టి ఏవి ఉండాలో చెప్పకండి, ఏవి కూడదో చెప్పండి. విండోస్ ఒప్పుకోని గుర్తులు తొమ్మిది: < > : " / \ | ? *. వాటితోపాటు కంటికి కనబడని కంట్రోల్ క్యారెక్టర్లు, పేరు చివరి చుక్క, ఖాళీ తీసేయండి. తెలుగును ముట్టుకోవద్దు. ప్రతి పేరు ముందు తేదీ, వరుస నంబరు పెట్టండి, ఒకే పేరు రెండుసార్లు వచ్చినా ఒకదాని మీద ఒకటి పడవు. పంపినవాళ్లు పెట్టిన అసలు పేరు ఎక్సెల్‌లో ఆ నంబరు పక్కనే రాయించండి. రేపు ఎవరైనా ఫోన్ చేసి అడిగేది ఆ పేరుతోనే.

ఇంకొకటి, తెలుగు పేర్లు మెయిల్లో చాలాసార్లు కోడ్ రూపంలో ప్రయాణిస్తాయి. ఆ కోడ్‌లోనే ప్రశ్నార్థకాలు ఉంటాయి. ముందు డీకోడ్ చేయించి, తర్వాతే శుభ్రం చేయండి. తిరగేస్తే ఆ ప్రశ్నార్థకాలు పోయి, పేరు మళ్లీ చదవడానికి రాదు.

కనబడని ఆ రెండు బిల్లుల మెయిళ్లు డిలీట్ చేయకపోతే ఇన్‌బాక్స్‌లోనే ఉంటాయి. ప్రోగ్రాం మార్చిన రోజు నుంచి వచ్చినవన్నీ మళ్లీ దింపుకోండి, ఈసారి కొత్త ఫోల్డర్‌లోకి.